నోటు వెనుకనున్న పూచీ

మోమిన్‌పేట ప్రాంతపు రైతు నిజాము ప్రభుత్వపు నాళ్లలో జొన్నలు, కందులు అమ్మి ఇంటికి దెచ్చినది హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అనెడివారు. అనగా యంత్రముపై కొట్టినది. ఏడు హాలీలు ఆరు కల్దారులకు సరి. 1918లో సంస్థాన ప్రభుత్వము శాసనము చేసి సొంత కాగితపు నోట్లను గూడ వెలువరించెను. అవి లండనులోని వాటర్లో కంపెనీ యందు అచ్చయినవి. అచ్చు ఎచ్చటనైనను వేయింపవచ్చును. దానికి పూచీ యేది యన్నదే ప్రశ్న.

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టము ప్రకారము, నోట్ల విలువలో నూటికి నలుబది పాళ్లకు బంగారముగాని, స్టెర్లింగు పత్రములుగాని నిలువ యుండవలెను. చూచుటకు ఇది కట్టుదిట్టమే. 1939లో యుద్ధము రాగా ఇంగ్లాండు తన సేనలకై ఇచ్చటి సరకులు కొని, వెలను లండనులోనే మన పేర స్టెర్లింగుగా జమకట్టెను. ఆ జమనే పూచీగా జూపి ఇచ్చట నోట్లు ముద్రించిరి. యుద్ధారంభమున సుమారు 180 కోట్ల రూపాయలుగా నున్న నోట్ల చెలామణి 1946 నాటికి 1200 కోట్లు దాటెను. సరకు సేనల పాలయ్యెను. నోట్లు మనయొద్ద మిగిలెను. హాలీ సిక్కా కల్దారునకు ముడివడి యుండుటచే ఆ ధరల పోటు హైదరాబాదు సంస్థానమునకును తప్పలేదు.

ఇందు అందరును నష్టపడిరనుట సత్యము గాదు. అమ్ముటకు గింజలున్న భూస్వామికి శిస్తు తేలికయ్యెను, పాతబాకీ కరగెను. లెవీ పేర సర్కారు తన ధరకే ధాన్యము గొనిపోవుటచే ఆ లాభము కొంత తగ్గినమాట నిజమే. డబ్బుకూలిపై బ్రతుకువానికి ఆపాటి లాభమును లేదు. 1943లో వంగదేశమున లక్షల జనము ఆకలిచే మడసినప్పుడు మొదట పడిపోయినవారు భూమిలేని ఇట్టి కూలీలే. భూవసతి గల మా చదువరులు దీనిని గమనింపవలెనని మా మనవి.

హాలీ సిక్కా 1959లో చెల్లుబాటు గోల్పోయెను. అంతకు రెండేండ్ల ముందే చట్టము సవరించి, నోట్లెన్ని యున్నను 200 కోట్ల నిలువ చాలుననిరి. అందు 115 కోట్లు బంగారము. 1997 వరకు కేంద్ర ప్రభుత్వము లోటు వచ్చినప్పుడెల్ల తాత్కాలిక ఖజానా బిల్లులు వ్రాసియిచ్చి బ్యాంకునుండి సొమ్ము దీసికొనుచుండెను. ప్రభుత్వ పత్రములను బ్యాంకు నేరుగా కొనుట యనగా కొత్త సొమ్ము పుట్టించుటయే. 2003 నాటి ఆర్థిక బాధ్యత చట్టము 2006 నుండి దానిని నిషేధించెను. 2018లో ఒక సడలింపు చేర్చిరి: యుద్ధము, జాతీయ విపత్తు, సేద్యము కుప్పగూలుట మున్నగు కారణములచే లోటు హద్దు మీరినచో బ్యాంకు మరల నేరుగా కొనవచ్చును.