కొండ మీద ఏడు రోజులు: శ్రీవారి సేవ లెక్క

2000లో తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) శ్రీవారి సేవను ప్రారంభించినప్పుడు ముందుకొచ్చినవాళ్లు 195 మంది. 2025 నాటికి ఆ సంఖ్య 17 లక్షలు దాటింది. మెడలో స్కార్ఫ్ వేసుకుని క్యూలైన్లలో మంచినీళ్లు అందించేవాళ్లు, అన్నప్రసాదం హాల్లో సాంబారు బకెట్ పట్టుకుని పంక్తుల మధ్య తిరిగేవాళ్లు, తెల్లవారకముందే కూర్చుని బస్తాల కొద్దీ కూరగాయలు తరిగేవాళ్లు, స్వామివారి కోసం పూలు కట్టేవాళ్లు, అందరూ ఈ లెక్కలోనివారే. వీళ్లకు జీతం ఉండదు. ఉండటానికి చోటు, భోజనం, సేవ ముగిశాక దర్శనం ఉంటాయి.

17 లక్షలంటే ఎంత? అంకె మరీ పెద్దదైతే మనసు దాన్ని పట్టుకోలేదు, అందుకే కాస్త విడదీసి చూద్దాం. మళ్లీ మళ్లీ వచ్చే భక్తులు చాలామంది ఉంటారు కాబట్టి దీన్ని 17 లక్షల మంది వేర్వేరు మనుషులనుకోకుండా 17 లక్షల విడతల సేవ అనుకోవడం మంచిది. సాధారణ సేవ ఒక విడతకు ఏడు రోజులు. పరకామణి (హుండీ కానుకల లెక్కింపు), లడ్డూ ప్రసాదం సేవల్లో అంతకన్నా తక్కువ రోజులే ఉన్నా, లెక్క తేలిగ్గా ఉండటానికి అందరికీ ఏడు రోజులే వేద్దాం. అప్పుడు మొత్తం 1.19 కోట్ల పనిదినాలు. పాతికేళ్లకు పంచితే ఏడాది పొడవునా, పండగనక పబ్బమనక, రోజూ 1,300 మంది కొండ మీద పనిచేసినట్టు. మొదటి ఏళ్లలో వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి ఇప్పటి రోజువారీ సంఖ్య ఈ సగటుకన్నా బాగా ఎక్కువే ఉంటుంది.

ఇంకో రకంగా చూద్దాం. ఒక్కో సేవకుడు రోజుకు ఆరు గంటలు పనిచేశాడనుకుంటే 7.14 కోట్ల గంటలు. ఏడాదికి 300 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే ఉద్యోగి ఇచ్చేది 2,400 గంటలు. అంటే పాతికేళ్లపాటు సుమారు 1,190 మంది పూర్తికాలం ఉద్యోగులు చేసేంత పని ఈ సేవకులు చేశారు.

దీనికి ధర కడితే ఒక విషయం బయటపడుతుంది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకం కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన 1.19 కోట్ల పనిదినాల విలువ 357 కోట్లు. టీటీడీ 2025-26 బడ్జెట్ 5,258 కోట్లు. అందులో జీతభత్యాలకు పోయేదే 1,700 కోట్లకు పైగా. అంటే పాతికేళ్లలో లక్షలాది మంది చేసిన సేవకు కూలి కడితే, ఆ మొత్తం సంస్థ ఇప్పుడు జీతాల కింద రెండున్నర నెలల్లో ఖర్చు పెట్టేదానితో సమానం. కూలి రేటు రెట్టింపు వేసినా ఐదు నెలలే.

శ్రీవారి సేవ వల్ల దేవస్థానానికి ఎంత డబ్బు మిగిలిందన్న ప్రశ్నతో మొదలుపెడితే అసలు సంగతి చేజారిపోతుందని నేను గట్టిగా అంటాను. ఈ పనికి మనుషుల్ని జీతమిచ్చి పెట్టుకోగల స్తోమత టీటీడీకి ఉంది. అయినా సేవకులు ఎందుకు అవసరం?

మొదటిది, రద్దీ ఒకేలా ఉండదు. మామూలు రోజుల్లో దర్శనానికి 60 వేల నుంచి 80 వేల మంది వస్తారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున మాడవీధుల గ్యాలరీలలోనే రెండు లక్షల మంది కూర్చుంటారు. ఆ ఒక్క రాత్రి కోసం ఉద్యోగుల్ని ఏడాదంతా పెట్టుకోలేరు. సేవకుల్ని మాత్రం ఆ వారానికి ఎక్కువమందిని పిలుచుకోవచ్చు. రెండోది భాష. కంపార్ట్‌మెంట్లో పిల్లాడు తప్పిపోయాడని ఏడుస్తున్న తమిళ తల్లికి, మోకాళ్ల నొప్పితో కూలబడ్డ కన్నడ పెద్దాయనకు తమ మాటలో పలకరించే మనిషి దొరికితే సగం కష్టం తీరుతుంది. ఆంధ్ర, తెలంగాణలతో పాటు కర్ణాటక, తమిళనాడుల నుంచి కూడా సేవకులు వస్తారు. మూడోదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. నిన్నమొన్నటి దాకా తానే ఆ క్యూలో గంటలకొద్దీ కూర్చున్న మనిషి ఇవాళ ఆ క్యూకు నీళ్లు పోస్తున్నాడు. దాహం సంగతి అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ సేవలో అంకెలు కళ్లకు కట్టేది అన్నప్రసాదం దగ్గర. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 ఏప్రిల్ 6న, నిత్యాన్నదానం రోజుకు 2,000 మందితో మొదలైంది. 2011లో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం వచ్చింది. ఆ పేరు మన ప్రాంతానిదే. పాత చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టి, బాల్యంలోనే వైధవ్యం మీదపడినా లోకులకు జంకకుండా కొండెక్కి, కావ్యాలు రాసి, 18వ శతాబ్దిలోనే తిరుమలలో యాత్రికులకు అన్నం పెట్టిన తల్లి ఆమె. ఇవాళ ఆమె పేరు మీదున్న భవనంలో నాలుగు హాళ్లు, హాలుకు వెయ్యి మంది. ఒకేసారి 4,000 మంది కూర్చుంటారు.

రోజుకు 60 వేల మంది తింటారనుకుంటే నాలుగు హాళ్లూ పదిహేనుసార్లు నిండి ఖాళీ కావాలి. ప్రతిసారీ తిన్న ఆకులు తీసి, బల్లలు తుడిచి, కొత్త ఆకులు వేయాలి. చక్కెర పొంగలి, చట్నీ, కూర, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ, ఏడు రకాలూ ఒక్కోసారి చొప్పున వడ్డించినా 4,20,000 వడ్డనలు. 2025 మార్చి నుంచి మసాలా వడ కూడా చేరింది. అన్నం మారు అడగనివాళ్లు ఉండరు కాబట్టి అసలు లెక్క ఇంకా పెద్దది. 2002లో తిరుమలలో 106 సౌర పళ్లేలతో ఆవిరి పుట్టించి 15 వేల మందికి వండే ఏర్పాటు చేశారు. వండటానికి ఎన్ని యంత్రాలైనా తెచ్చుకోవచ్చు, ఆకు ముందు వంగి ‘ఇంకొంచెం వెయ్యనా’ అని అడగడానికి మాత్రం మనిషే కావాలి. ఒక రోజు మొత్తం అన్నప్రసాదానికి విరాళం ఇవ్వాలనుకునే దాతలకు టీటీడీ పెట్టిన మొత్తం 44 లక్షలు: ఉదయం అల్పాహారానికి 10, మధ్యాహ్న భోజనానికి 17, రాత్రికి 17. ఆ 44 లక్షలు ఇవ్వగలిగేది కొందరే. ఆ అన్నాన్ని వారం రోజులు వడ్డించే అవకాశం మాత్రం రైతుకూలీకీ ఉంది, రిటైరైన టీచరుకూ ఉంది.

ఏడు రోజుల పద్ధతిలో బలహీనత కూడా ఉంది. మొదటి రెండు రోజులు దారులు తెలుసుకోవడంతో సరిపోతుంది, పని చేతికి అలవాటయ్యేసరికి వెళ్లిపోయే రోజు వస్తుంది. పది, పదిహేను మంది బృందంగా రావాలన్న నియమం దీనికి కొంత విరుగుడు. పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పుకుంటారు. 2025లో టీటీడీ గ్రూప్ సూపర్‌వైజర్ సేవను తెచ్చింది. పదిహేను రోజులు, ఆపైన ఉండగలిగినవాళ్లు బృందాల్ని చూసుకుంటారు. ఇది సరైన అడుగు. వారం వారం మారే చేతులకు నిలకడగా ఉండే తల ఒకటి కావాలి.

సేవకులు చేయలేనిదీ ఉంది, చేయకూడనిదీ ఉంది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో గుమికూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జన నియంత్రణ శిక్షణ పొందిన సిబ్బంది పని, దాన్ని స్కార్ఫ్ వేసుకున్న భక్తుల భుజాల మీద పెట్టకూడదు. కానీ ఆ రాత్రి ఇంకో సంగతి కూడా గుర్తుచేసింది. యాత్రికుల కష్టం కొండ మీద మొదలుకాదు, కింద ఊళ్లోనే మొదలవుతుంది.

గుడి అయినా చర్చి అయినా, సేవ రెండు రకాలుగా సాగుతుంది. వచ్చినవాళ్లకు చేసేది ఒకటి, రానివాళ్ల దగ్గరికి వెళ్లి చేసేది మరొకటి. న్యూయార్క్ మన్‌హట్టన్‌లో హోలీ అపాజిల్స్ అనే ఎపిస్కోపల్ చర్చి ఉంది. 1982లో అక్కడ పేదలకు భోజనశాల తెరిచారు. ఇల్లు లేనివాళ్లు, పని పోయినవాళ్లు, మతమేదైనా, వచ్చి తింటారు. రోజుకు సుమారు వెయ్యి భోజనాల స్థాయికి పెరిగిన ఆ పనికి వాలంటీర్లే ఆధారం. వెంగమాంబ భవనంలో ఒక హాలు ఒక్కసారి నిండితే అంతే సంఖ్య. పోలిక పరిమాణంలో కాదు, దిశలో. ఆ చర్చి తలుపు ప్రార్థనకు రానివాళ్ల కోసం తెరుచుకుంది. అంత దూరం పోనక్కర్లేదు, మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ అంటే సొంతవాళ్లే దూరం పెట్టిన కాలంలో, 1915లో, పలు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి అక్కడ శానిటోరియం నడిపాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దశాబ్దాలపాటు చూసుకున్నారు. రాయలసీమ రోగులకే కాదు, దక్షిణాది అంతటికీ ఆ ఊరు దిక్కయింది.

టీటీడీకీ ఈ రెండో దిశ కొత్త కాదు. 1985లో బర్డ్, 1993లో స్విమ్స్ ఆసుపత్రులు, 2021లో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం వచ్చాయి. రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకులకు అన్నప్రసాదం పంపుతోంది. అన్నం అక్కడికి దిగివచ్చింది. చేతులు మాత్రం కొండ మీద కనిపించినంతగా కింద కనిపించవు.

పుంగనూరు నుంచో పలమనేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి రుయాకు వచ్చిన మనిషిని తలుచుకోండి. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో తెలియదు. రక్తపరీక్షకు ఏ గది, స్కానింగ్‌కు ఏ అంతస్తు, ప్రభుత్వ వైద్య సేవ పథకం కౌంటర్‌కు ఏ కాగితాలు కావాలో తెలియదు. కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరికి తమిళమో కన్నడమో తప్ప తెలుగు చదవడం రాదు. డాక్టరు చూసేది ఐదు నిమిషాలు, తిరిగేది ఐదు గంటలు. ఈ ఐదు గంటల్లో చేయి పట్టుకుని నడిపించే పనికి వైద్యం తెలియక్కర్లేదు. కొండ మీద సేవకులు రోజూ చేస్తున్న పనే ఇది.

దీనికెంతమంది కావాలి? ఇప్పుడు కొండ మీద రోజుకు 2,000 మంది సేవకులున్నారనుకుందాం. పదిమందిలో ఒక్కరిని కిందికి పంపితే 200 మంది. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు 66. మూడు పెద్దాసుపత్రులకు పంచితే ఒక్కోదానికి ప్రతి షిఫ్టులోనూ 22 మంది. వీల్‌చైర్ తోసే ఇద్దరు, ఓపీ దగ్గర నలుగురు, ల్యాబుల దగ్గర నలుగురు, బ్లడ్‌బ్యాంకు దారి చూపే ఇద్దరు, వార్డుల్లో ఒంటరిగా ఉన్న రోగుల పక్కన కూర్చునే పదిమంది. కొండ మీద పదో వంతు తగ్గితే యాత్రికులకు ఇబ్బంది కాదా అంటే, రద్దీ వారాల్లో పంపకుండా ఉండొచ్చు, కింద సేవ కోసమే వేరే కోటా తెరవచ్చు. దర్శనం ఎలాగూ ఉంటుంది.

సేవకు పేరు రాసుకోబోతున్న పాఠకులకు నా విన్నపం ఒకటుంది. మీ బృందం పెట్టే దరఖాస్తుతో పాటు, తిరుపతి ఆసుపత్రుల్లో కూడా సేవ చేయడానికి సిద్ధమని టీటీడీకి ఒక ఉత్తరం రాయండి. అడిగేవాళ్లు పెరిగితే కోటా తెరుచుకుంటుంది. 195 మందితో మొదలైన సేవ ఇంత దూరం వచ్చింది. రుయా గేటు దగ్గర మొదటి బృందానికి పదిహేను మంది చాలు.