టాల్‌స్టాయ్ క్షేత్రం: ఒకటిన్నర అడుగుల గొయ్యి

సూరత్ రింగ్ రోడ్డు మీద ఉదయం పూట ఒక పక్కగా నిలబడి చూడండి. బట్టల మార్కెట్ల ముందు చీరల బేళ్ళు మోసే హమాలీలు, తోపుడు బళ్ళు, టెంపోలు. ఆ సందడిలో చెవి ఒగ్గితే తెలుగు మాటలూ వినిపిస్తాయి. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి.

గుజరాతీలూ తెలుగువాళ్ళూ ఒకేచోట కష్టపడటం ఇక్కడే మొదలైందనుకోకండి. దానికి వందేళ్ళు పైబడిన ముందుమాట ఒకటుంది. అది దక్షిణాఫ్రికాలో జరిగింది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ రేవు చేరింది. ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు వెళ్ళిన వారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. తర్వాత సూరత్ ప్రాంతం నుంచీ, కాఠియావాడ్ నుంచీ వర్తకులు సొంత ఖర్చుతో వెళ్ళారు. ఒకరిది పార, మరొకరిది తక్కెడ. ఈ రెండు దారులూ కలిసిన ఒక పల్లెపట్టును గురించి ఈ పాఠం.

ట్రాన్స్‌వాల్‌లో సత్యాగ్రహం సాగుతోంది. జైలుకు వెళ్ళినవారి కుటుంబాలను పోషించాలి. నెలనెలా డబ్బు పంచుతూ పోతే నిధి ఎన్నాళ్ళు ఆగుతుంది? అప్పుడు గాంధీ మిత్రుడు, వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ 1910లో తన 1,100 ఎకరాల భూమిని అద్దె లేకుండా ఇచ్చాడు. లాలే స్టేషన్ దగ్గర, జొహన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ళ దూరం. దానికి టాల్‌స్టాయ్ పేరు పెట్టారు. అక్కడ సుమారు నలభైమంది యువకులు, ఇద్దరు ముగ్గురు వృద్ధులు, ఐదుగురు స్త్రీలు, ఇరవై ముప్ఫైమంది పిల్లలు ఉండేవారని గాంధీ గుజరాతీలో రాసిన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో చెప్పారు. వారు వచ్చిన ప్రాంతాల్లో గుజరాత్, తమిళనాడులతోపాటు ఆంధ్రదేశాన్నీ పేర్కొన్నారు. జీతం ఎవరికీ లేదు. తలా రెండు కంబళ్ళు, ఒక కొయ్య తలగడ. పడక నేలమీద.

రేకుల ఇళ్ళు తామే కట్టుకున్నారు. అవి లేచేదాకా గుడారాల్లో ఉన్నారు. పిండి తిరగలిలో విసురుకునేవారు. వేరుశనగతో వెన్నలాంటి ముద్ద, తోటలోని నారింజలతో మార్మలేడ్ చేసుకునేవారు. కాలెన్‌బాక్ ట్రాపిస్టు సన్యాసుల మఠానికి వెళ్ళి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చి, తక్కినవారికి నేర్పాడు.

ప్రయాణాల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. క్షేత్రం పనైతే మూడో తరగతి రైలు టికెట్టు ఇచ్చేవారు. సొంత పనికో, సరదాకో అయితే నడవాల్సిందే. రాత్రి రెండు గంటలకు లేచి బయలుదేరేవారు, ఆరేడు గంటల్లో పట్నం చేరేవారు. అందరికన్నా తక్కువ సమయం 4 గంటల 18 నిమిషాలు. లెక్క కట్టండి: 21 మైళ్ళంటే సుమారు 34 కిలోమీటర్లు, అంటే గంటకు దాదాపు 8 కిలోమీటర్లు. అది నడకా, పరుగా అన్నది మీరే తేల్చండి!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నీళ్ళు నివాసాలకు సుమారు 500 గజాల దూరం నుంచి కావడితో తేవాలి. మురుగు కాలువ లేదు, పాకీవాడు లేడు. డెబ్బై మంది మలం ఎక్కడికి పోవాలి? ఇంటి దగ్గర ఒకటిన్నర అడుగుల లోతున చతురస్రపు గొయ్యి తవ్వి, మలాన్ని అందులో వేసి, తవ్విన మట్టితోనే పూర్తిగా కప్పేవారు. వాసన లేదు, ఈగలు లేవు అని గాంధీ రాశారు. వాడిన నీటిని బాల్చీల్లో పట్టి చెట్లకు పోసేవారు.

ఇందులో శాస్త్రం ఏముంది? నేల పైపొరల్లో గాలి ఆడుతుంది. ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు అక్కడే ఎక్కువ. అవి మలంలోని సేంద్రియ పదార్థాన్ని విడగొట్టి, మొక్కలు పీల్చుకోగల లవణాలుగా మారుస్తాయి. మట్టి కప్పితే ఈగ వాలి గుడ్లు పెట్టదు. మరీ లోతుగా తవ్వితే గాలి తగ్గి కుళ్ళు మందగిస్తుంది, భూగర్భజలానికి దగ్గరవుతుంది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. నులిపురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాలు బతుకుతాయి. అందుకని ఈ ఎరువును పూర్తిగా మాగనివ్వకుండా ఆకుకూరల మళ్ళలో వేయడం ప్రమాదం. 1910 నాటి పద్ధతిని మెచ్చుకుంటూ కళ్ళు మూసుకొని అనుసరించనక్కరలేదు.

మళ్ళీ సూరత్‌కు వద్దాం. 1994లో వరదల తర్వాత చెత్తా, కళేబరాలూ వీధుల్లో పేరుకున్నాయి. సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే లక్షలమంది నగరం విడిచి వెళ్ళారు. ప్లేగు బాక్టీరియాను ఎలుకల మీది మిన్నల్లులు మోస్తాయి. ఎలుకలకు తిండి మన చెత్తకుప్ప. ఊపిరితిత్తులకు సోకితే రోగి దగ్గు నుంచే ఇంకొకరికి అంటుకుంటుంది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు, చెత్త ఎత్తడానికి వేళలు పెట్టారు. మందులకన్నా ముందు జరగాల్సిన పని అదేనని నా అభిప్రాయం. ఏడాదిన్నర తిరగకుండానే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల లెక్కలోకి వచ్చింది.

టాల్‌స్టాయ్ క్షేత్రం 1913 ఆరంభం వరకే నడిచింది. అక్కడివారు వెయ్యికి దగ్గరగా పండ్ల చెట్లున్న ఆ తోటను విడిచి, ఫీనిక్స్‌కో, తమతమ ఇళ్ళకో వెళ్ళిపోయారు.