పాల కేంద్రం లెక్కకు ఏ డేటాబేసు పద్ధతి?

ఒక గ్రామంలో పాల కేంద్రం లెక్కను పుస్తకం నుండి వెబ్‌కు మార్చదలచారనుకుందాం. ఆ పని సాధారణంగా పట్నంలో కంప్యూటరు చదువు ముగించుకొని వచ్చిన ఇంటి పిల్లల చేతికే వస్తుంది. డేటాబేసుతో ప్రోగ్రాము ఏ పద్ధతిలో మాట్లాడాలన్నది వారికి కలిగే తొలి సందేహం.

పట్టికలోని వరుసలను ప్రోగ్రాములోని వస్తువులుగా మార్చిపెట్టే ఓఆర్ఎం సాధనాలు అనేకం ఉన్నాయి. పెద్ద సంస్థల పనికి అవి ఉపకరిస్తాయి. సభ్యులు, పాల కొలతలు, చెల్లింపులు అనే మూడు పట్టికలకు మాత్రం ఆ సాధనం నేర్చుకొనడమే అసలు పనికంటె బరువు. ఇక్కడ ఎస్‌క్యూఎల్ వాక్యాలను స్వయంగా వ్రాసుకొనడమే సుగమం.

అయితే ఎలా వ్రాయాలన్నదే కీలకం. పాత పాఠాలలో కనిపించే మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో వెలువడిన పీహెచ్‌పీ 7 నుండి తొలగించారు. వాటికి బదులు పీడీఓ ఉంది. 2005 నాటి పీహెచ్‌పీ 5.1 నుండే లభ్యం. పాత పాఠాల అలవాటు చొప్పున, గడిలో టైపు చేసిన దానిని నేరుగా వాక్యంలో అతికిస్తే ముప్పు తప్పదు. సభ్యుని సంఖ్య అడిగినచోట ఎవరైనా ‘7 ఆర్ 1=1’ అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టినచో, ‘ఏడవ సంఖ్య గాని, ఒకటి ఒకటికి సమానమైనా గాని’ అని యంత్రం గ్రహిస్తుంది. రెండవది ఎల్లప్పుడూ నిజమే కనుక ఊరందరి ఖాతాలూ తెరచుకుంటాయి. అది చెరిపివేసే వాక్యమైతే, అందరి పక్షం రోజుల పాల సొమ్ము లెక్కా మాయమవుతుంది. పీడీఓలోని ‘ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్’ పద్ధతిలో విలువ ఉండవలసినచోట ప్రశ్నార్థకం పెట్టి, విలువను వేరుగా అందిస్తారు. అప్పుడు ఏమి టైపు చేసినా అది విలువగానే మిగులుతుంది, ఆజ్ఞగా మారదు.

నిల్వకు ఎస్‌క్యూలైట్ చాలు. దానికి వేరే సర్వరు అక్కరలేదు. సమస్తం ఒకే ఫైలు. ఒకసారి ఒక్కరే వ్రాయగలరన్న పరిమితి పాల కేంద్రానికి అడ్డు కాదు. ఆ ఫైలును మాత్రం బయటివారికి కనబడే వెబ్ ఫోల్డరులో ఉంచరాదు.

మైఎస్‌క్యూఎల్‌నే ఎంచుకొన్నట్లయితే, పట్టికకూ అనుసంధానానికీ ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని తప్పక పేర్కొనాలి. సరిహద్దు గ్రామాలలో ఒకే జాబితాలో తెలుగు, కన్నడ పేర్లు కలసి ఉండవచ్చు. ఈ జాగ్రత్త లేనిచో అవి ప్రశ్నార్థకాలుగా నిల్వ కావచ్చు. అలా పోయిన పేరు తిరిగి రాదు. సభ్యుని ఇంటికి వెళ్ళి మళ్ళీ అడిగి వ్రాసుకోవలసిందే.