బిడ్డకు జ్వరం, ఇంట్లో తగవు: అపోహలు – వాస్తవాలు

పసిబిడ్డ ఒళ్ళు కాలుతుంటే ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు. వెంటనే ఆస్పత్రికి వెళదామని తల్లి అంటుంది. రేపటిదాకా చూద్దామని తండ్రి అంటాడు. ముందు దిష్టి తీయమని నాన్నమ్మ, వాము నీళ్ళు పట్టమని ఫోన్లో అమ్మమ్మ. అందరిదీ ప్రేమే, అందరిదీ భయమే. మాట పడకపోవడం తప్పు కాదు. ఒకరు తొందరపడుతున్నప్పుడు ఇంకొకరు ఆపడం, ఒకరు తేలిగ్గా తీసుకున్నప్పుడు ఇంకొకరు కంగారుపడడం కొన్నిసార్లు బిడ్డకు మేలే చేస్తాయి. చెరుపంతా ఆ తగవును మనం తేల్చుకునే తీరులో ఉంది. కొన్ని ఇళ్ళలో గొంతు పెద్దదైనవారి మాట చెల్లుతుంది. కొన్ని ఇళ్ళలో ఎవరినీ నొప్పించకుండా సగం ఆ మాట, సగం ఈ మాట వింటారు. రెండింటిలోనూ బిడ్డ పరిస్థితి ఎలా ఉందన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఈ తగవుల్లో తరచూ వినిపించే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: "మందు వద్దని మీరు, వేయాలని నేను. పోనీ, సగం వేద్దాం."

వాస్తవం: మొగుడూపెళ్ళాల మధ్య రాజీగా ఇది ముచ్చటగానే ఉంటుంది. మందుల విషయంలో మాత్రం ఇంతకంటే చెడ్డ దారి లేదు. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సగం వేస్తే జ్వరం దిగదు. దిగలేదని గంటకే ఇంకొకరు మళ్ళీ వేస్తారు. నిజానికి రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. తల్లి వేసిన సంగతి తండ్రికి తెలియక తండ్రీ వేయడం, దానికి తోడు జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉందని ఎవరూ చూడకపోవడం మాటలు లేని ఇళ్ళలో జరిగే పొరపాట్లు. ఈ మందు మితిమీరితే దెబ్బతినేది కాలేయం.

ఇంకో చిక్కు ఉంది. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలనుకుంటే డ్రాప్స్‌లో అది ఒకటిన్నర మిల్లీలీటర్లు, 125 సిరప్‌లో 6, 250 సిరప్‌లో 3. "పోయినసారి 6 ఎం.ఎల్. వేశాం కదా" అని డ్రాప్స్ సీసాలోంచి 6 వేస్తే నాలుగింతలు పడినట్టు. అందుకే సీసా మీద పెన్నుతో బిడ్డ పేరు, మోతాదు రాసి పెట్టాలి. ఎవరు ఏ టైముకు వేశారో ఫ్రిజ్ తలుపు మీదో క్యాలెండర్ మీదో రాయాలి.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. అది అక్కర్లేని వైరల్ జ్వరానికి ఒక్క చుక్క కూడా వద్దు. అవసరమని డాక్టరు రాస్తే, చెప్పినన్ని రోజులూ వాడాలి. తల్లి కోసం మొదలుపెట్టి, తండ్రి కోసం రెండో రోజున ఆపేయడం వల్ల ఎవరి మాటా నెగ్గదు, సూక్ష్మజీవే నెగ్గుతుంది.

అపోహ: "మమ్మల్నీ ఇలాగే పెంచారు. మాకేమైంది?"

వాస్తవం: ఈ మాట అనగలిగేవాళ్ళు బతికినవాళ్ళు. బతకని పిల్లలు వచ్చి చెప్పలేరు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. పాతతరం ఇళ్ళలో తోబుట్టువుల లెక్క అడిగి చూడండి. "ఏడుగురు పుట్టాం, నలుగురం మిగిలాం" అన్న జవాబు చాలా చోట్ల వస్తుంది. టీకాలు, శుభ్రమైన నీళ్ళు, ఆస్పత్రి కాన్పులు, ఓఆర్ఎస్, మెరుగైన తిండి కలిసి ఆ మార్పు తెచ్చాయి.

అలాగని పెద్దవాళ్ళ మాటంతా కొట్టిపారేయడం అన్యాయం. నూనె రాసి ఒళ్ళు మెత్తగా మర్దనా చేయడంలో తప్పులేదు. కానీ అదే నూనె ముక్కులో, చెవిలో వేయకూడదు. పసిబిడ్డ గొంతులో ఆముదం పోస్తే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. దిష్టి తీసుకోండి, ఎవరికీ నష్టం లేదు. అది అయ్యేదాకా ఆస్పత్రి ప్రయాణం ఆగితేనే నష్టం. ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం నాకించవద్దు. అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి బోటులిజం అనే జబ్బు తెస్తాయి, ఒళ్ళు చచ్చుబడుతుంది. కాన్పు సాయానికి అమెరికా వెళ్ళిన అమ్మమ్మలకూ, అక్కడి కూతుళ్ళకూ తేనె దగ్గరా, బిడ్డను బోర్లా పడుకోబెట్టే దగ్గరా మాటా మాటా పెరుగుతుంటుంది. రెండిటిలోనూ కూతురి మాటే సరైనది. బోర్లా పడుకోబెట్టమని ఒకప్పుడు అమెరికా డాక్టర్లే చెప్పారు. నిద్రలోనే ప్రాణం పోయే పసిపిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్ళు ఎక్కువని తేలాక, 1992లో వెల్లకిలా పడుకోబెట్టమని సలహా మార్చారు. అలాంటి మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. వైద్యం మాట మార్చిందని కొందరికి అనుమానం. కొత్త సంగతి తెలిశాక కూడా మాట మార్చకపోతే కదా అనుమానించాలి!

నాన్నమ్మ దగ్గర ఒక విద్య ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు. "బిడ్డ కళ తప్పాడు", "డొక్కలెగరేస్తున్నాడు", "మాడు గుంటపడింది" అని ముందుగా పసిగట్టేది చాలా ఇళ్ళలో ఆమే. ఆ మూడు మాటలకూ వైద్యంలో బరువుంది. మొదటిది మగత, రెండోది నిమోనియా అనుమానం, మూడోది ఒంట్లో నీరు తగ్గిపోవడం. ఆ మాట ఆమె నోట వచ్చినప్పుడు ఇంకేం ఆలోచించకుండా బయల్దేరాలి.

అపోహ: "పళ్ళొస్తున్నాయి, విరేచనాలు మామూలే. లంఖణం పరమౌషధం."

వాస్తవం: పళ్ళు మొలిచేటప్పుడు చొంగ కారుతుంది, చిరాకు పడతాడు, చేతికందింది కొరుకుతాడు. పెద్ద జ్వరం గానీ నీళ్ళ విరేచనాలు గానీ పళ్ళ వల్ల రావు. ఆ వయసులోనే బిడ్డ పాకుతూ నేల మీదివన్నీ నోట్లో పెట్టుకోవడం మొదలుపెడతాడు, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంటుంది. రెండూ ఒకేసారి రావడంతో నింద పన్ను మీద పడుతోంది.

లంఖణం పెద్దవాళ్ళ అజీర్తికి పనికొస్తుందేమో గానీ, విరేచనాలవుతున్న పసిబిడ్డకు పనికిరాదు. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే బిడ్డకు పెరుగన్నం, పలచటి పప్పన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ చెంచాతో తాగించాలి. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసు నీళ్ళకు ఇంత పొడి అని అంచనాగా వేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. దాంతోపాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి. మూడో రోజుకు తగ్గిందని జింక్ ఆపేయడం దాదాపు అందరూ చేసే పనే, అది మానుకోవాలి.

"ఉప్పు, చక్కెర నీళ్ళతో ఏమవుతుంది, సెలైన్ ఎక్కించాలి" అని పట్టుబట్టే తండ్రులున్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. వాంతులు ఆగక చుక్క నీరు నిలవని బిడ్డకూ, మగతగా పడి ఉన్న బిడ్డకూ సెలైన్ కావాల్సిందే. మిగిలినవాళ్ళకు ఓఆర్ఎస్ చాలు. అయితే అది అసలైన ఓఆర్ఎస్ కావాలి. చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలు ఆ పేరుతో డబ్బాల్లో అమ్ముడుపోతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అన్న మాట ఉందో లేదో చూసి కొనండి.

అపోహ: "ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు. రెండో ఆయన హస్తవాసి మంచిది."

వాస్తవం: భార్య చూపించిన డాక్టరా, భర్త చూపించిన డాక్టరా అన్న పోటీలో ఈ హస్తవాసికి పెద్ద పాత్ర ఉంది. మామూలు వైరల్ జ్వరం మూడు నాలుగు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మొదటి రోజు ఒకరికి చూపించి, తగ్గలేదని మూడో రోజు ఇంకొకరి దగ్గరికి వెళితే, నాలుగో రోజు దిగిన జ్వరం పుణ్యమంతా రెండో ఆయన ఖాతాలో పడుతుంది. పైగా మొదటి రోజు కనిపించని లక్షణం మూడో రోజు కనిపించవచ్చు. మొదటి డాక్టరు తప్పు చెప్పాడని దాని అర్థం కాదు.

డెంగీలో ఈ రోజుల లెక్క ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం దిగిందని తండ్రి బడికి పంపమంటాడు, ఇంకా నీరసంగా ఉన్నాడని తల్లి ఆపుతుంది. తల్లి వైపు నిలబడండి. డెంగీలో అసలు గండం జ్వరం దిగే వేళే మొదలవుతుంది, ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం వల్ల ఆ ముప్పు వస్తుంది. ఇంట్లో వాళ్ళంతా ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ, బొప్పాయి ఆకు రసం చుట్టూ వాదించుకుంటుంటే కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, కాళ్ళు, తగ్గిపోయిన మూత్రం, చిగుళ్ళ నుంచి రక్తం ఎవరి కంటా పడవు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆస్పత్రిలో చేర్చాలి. ఆకు రసం ఆ పని చేయలేదు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వాడకూడదు, రక్తస్రావం పెరుగుతుంది.

అపోహ: "పీల్చే మందు అలవాటైపోతుంది, సిరప్ రాయమనండి."

వాస్తవం: ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్ళలో ఈ వాదన ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇన్‌హేలర్‌లోని మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అదే మందు నోటితో ఇస్తే చాలా ఎక్కువ మోతాదు ఒళ్ళంతా తిరగాలి. ఆయాసం లేని రోజుల్లోనూ వాడాల్సిన ఇన్‌హేలర్ వేరు, ఆయాసం వచ్చినప్పుడు వాడేది వేరు. ఈ తేడా ఇద్దరికీ తెలియకనే "బాగానే ఉన్నాడుగా, ఎందుకు?" అని ఒకరు ఆపేస్తారు.

దగ్గు సిరప్ మీద మాత్రం వద్దన్నవారిదే సరైన మాట. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దని చెప్పింది. జలుబు దగ్గు దానంతటదే పోతుంది.

అపోహ: "టీకా వేయించాకే జ్వరం వచ్చింది. జలుబుగా ఉంది, ఈ నెల మానేద్దాం."

వాస్తవం: టీకా తర్వాత ఒకటి రెండు రోజుల జ్వరం శరీరం స్పందించిందనడానికి గుర్తు. చిన్న జలుబుకు వాయిదా అక్కర్లేదు, ఏఎన్ఎంకు చెప్పి వేయించవచ్చు. టీకాతో ఆటిజం వస్తుందన్న భయం 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసంతో పుట్టింది. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు.

అపోహ: "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి."

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. జ్వరమైతే రాత్రికి రాత్రి తేలుతుంది. ఈ తగవు రెండేళ్ళు సాగి, బిడ్డ విలువైన కాలాన్ని తినేస్తుంది. ఏదో తేడా ఉందని తల్లి మనసు చెబుతుంది. "నువ్వే లేనిపోనివి ఊహించుకుంటున్నావు" అని ఇల్లంతా ఆమె నోరు మూయిస్తుంది. నాలుక మీద వస రాస్తారు, మేనమామ పోలికంటారు, మగపిల్లలకు ఆలస్యమేనంటారు. ఏడాదికి ముద్దు పలుకులు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్ళకు "అమ్మ దా" లాంటి రెండు మాటల పలుకు లేకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా చూపించాలి. మొదట చేయాల్సింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు తిరిగినంత మాత్రాన వినికిడి బాగున్నట్టు కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ళ వరకు ఇలాంటి లోపాల పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీలో, బడిలో చూసినవాళ్ళు జిల్లాల్లోని డీఈఐసీ (లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే) కేంద్రాలకు పంపుతారు. చూపించి, ఏమీ లేదని తేలితే పోయేదేమిటి? ఒక పూట పని.

అపోహ: "నేను తీసుకెళ్ళి చూపించుకొస్తాలే, నువ్వు ఇంట్లో ఉండు."

వాస్తవం: వెళ్ళినవారు తమకు నచ్చిన మాటలే గుర్తుపెట్టుకుని వస్తారు, ఉన్నవారు వాటిని నమ్మరు. మళ్ళీ మొదటికే. ఇద్దరూ వెళ్ళండి. కుదరకపోతే డాక్టరు అనుమతితో ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఇంట్లో ఉన్న తగవును డాక్టరు ముందు దాచవద్దు. "మా అత్తయ్య వేరే మందు వేయమంటున్నారు", "వీళ్ళ నాన్న యాంటీబయాటిక్ కావాలంటున్నారు" అని సూటిగా చెప్పేయండి. అమ్మమ్మ ఇచ్చిన కషాయం, మెడికల్ షాపులో కొన్న సిరప్, ఆర్‌ఎంపీ చేసిన ఇంజెక్షన్ ఏవీ దాచవద్దు. బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు చీటీ వెనక రాయించుకోండి: ఇది ఎన్నాళ్ళలో తగ్గాలి? ఏ మందు ఎప్పుడు ఆపాలి? ఏ లక్షణం కనిపిస్తే, ఏ వేళైనా సరే, తిరిగి రావాలి?

మూడో ప్రశ్నకు జవాబు చాలా జబ్బుల్లో దాదాపు ఒకటే. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవని మగత, డొక్కలెగరేయడం. ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో ఇద్దరూ నేర్చుకోవాలి. ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం చూడాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40. ఆ లెక్కకు చేరినా, దాటినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.