సి డ్రైవ్ నిండిందా? ఫార్మాట్‌కు ముందు ఒక బొమ్మ చూడండి

పేరెంట్-టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది. "మేడమ్, ఇంట్లో లాప్‌టాప్ సి డ్రైవ్ ఎర్రగా చూపిస్తోంది. ప్రాజెక్ట్ సేవ్ కావట్లేదంటున్నాడు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టేద్దామంటున్నారు." ఫార్మాట్ చేస్తే డ్రైవ్ ఖాళీ అవుతుంది, నిజమే. కానీ బ్యాకప్ తీయకుండా చేస్తే పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు, బాబు సైన్స్ ప్రాజెక్ట్, నాన్నగారి ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు అన్నీ ఒకేసారి పోతాయి. అంతకంటే ముందు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. డ్రైవ్‌లో ఏది ఎంత చోటు ఆక్రమించిందో బొమ్మగా చూడటం.

మామూలుగా మనం ఫోల్డర్లు తెరిచి చూస్తే ఈ విషయం తెలియదు. విండోస్‌లో ఫైలు పక్కన సైజు కనిపిస్తుంది గానీ ఫోల్డర్ పక్కన కనిపించదు. ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూసుకుంటూ పోవాలి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో మరొకటి. ఎవరికైనా ఓపిక అయిపోతుంది.

ఇదే చిక్కు అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ అనే ప్రొఫెసర్‌కు 1990లో ఎదురైంది. ఆయన ల్యాబ్‌లో 14 మంది కలిసి వాడుకునే హార్డ్ డిస్క్ నిండిపోయింది. దాని మొత్తం సైజు 80 ఎంబీ. ఈ రోజు మన ఫోన్‌లో తీసే చిన్న వీడియో అంత! చోటంతా ఎవరు తీసుకున్నారో ఒక్క చూపులో తెలియాలని ఆయన ఆలోచించిన పద్ధతి పేరు ట్రీమ్యాప్. డ్రైవ్ మొత్తం ఒక పెద్ద దీర్ఘచతురస్రం అనుకోండి. అందులో ప్రతి ఫైలూ ఒక చిన్న దీర్ఘచతురస్రం. ఫైలు ఎంత పెద్దదైతే దాని వైశాల్యం అంత ఎక్కువ. ఒకే ఫోల్డర్‌లోని ఫైళ్లు పక్కపక్కనే ఉంటాయి. మన పిల్లలు గ్రాఫ్ పేపర్ మీద గళ్లు లెక్కపెట్టి నేర్చుకునే వైశాల్యమే ఇది, వేరే విద్య ఏమీ కాదు.

ఈ బొమ్మ గీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. విండోస్‌కు విన్‌డిర్‌స్టాట్ చాలా ఏళ్లుగా ఉంది. ఓపెన్ సోర్స్ కూడా. అది డ్రైవ్‌ను స్కాన్ చేస్తున్నంతసేపూ తెర మీద చిన్న ప్యాక్‌మ్యాన్‌లు అటూ ఇటూ తిరుగుతాయి, పిల్లలకు అదో సరదా. విజ్‌ట్రీ ఇంకా వేగంగా పని చేస్తుంది, సొంత వాడకానికి ఉచితం. మ్యాక్‌కు గ్రాండ్ పర్‌స్పెక్టివ్, ఉబుంటుకు డిస్క్ యూసేజ్ అనలైజర్ ఉన్నాయి. ఏదైనా తయారుచేసినవారి సొంత సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్ కనిపించగానే నొక్కే అలవాటు పెద్దవాళ్లకే ఎక్కువ!

స్కాన్ అయ్యాక కింద రంగురంగుల గళ్లు వస్తాయి. రంగు ఫైలు రకాన్ని చెబుతుంది. పెద్ద గడి మీద క్లిక్ చేస్తే అది ఏ ఫైలు, ఏ ఫోల్డర్‌లో ఉంది అన్నది పైన జాబితాలో కనిపిస్తుంది. చాలామంది ఫోటోల వల్లే నిండిందనుకుంటారు. ఫోటో 3 ఎంబీ అనుకుంటే, 3 జీబీ సినిమా ఒక్కటే దాదాపు వెయ్యి ఫోటోల చోటు తీసుకుంటుంది. పెద్ద గళ్లలో సాధారణంగా బయటపడేవి ఎప్పుడో చేసిన ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మర్చిపోయిన సెటప్ ఫైళ్లు, ఆడటం మానేసిన గేములు, ఒకే పెళ్లి వీడియో మూడు కాపీలు.

అయితే ఒక్క విషయం దగ్గర ఆగాలి. బొమ్మ సైజునే చూపిస్తుంది, విలువను చూపించదు. తాతగారి ఫోటో అందులో చుక్కంత ఉంటుంది. పెద్ద గడి కాబట్టి పనికిరానిదనీ అనుకోకూడదు. హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ అనే పేర్లతో జీబీల కొద్దీ ఉండే ఫైళ్లు విండోస్ తన పని కోసం పెట్టుకున్నవి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల లోపల ఏదీ చేత్తో తీసేయొద్దు. విన్‌ఎస్ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ అయితే నిజంగా ఆక్రమించిన చోటు కంటే పెద్దదిగా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. విండోస్ డాట్ ఓల్డ్ ఉంటే సెటింగ్స్‌లో స్టోరేజ్, అక్కడ టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లి తీసేయవచ్చు. గేములను అన్‌ఇన్‌స్టాల్ చేయాలి గానీ ఫోల్డర్‌ను డిలీట్ చేయకూడదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని ఇక్కడ తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, అదే అకౌంట్ ఉన్న మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది.

కాబట్టి ఏదైనా తీసే ముందు ఫోటోలు, పిల్లల స్కూల్ ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేసి, తెరిచి చూసుకోండి. ఈ పని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయమని నా సలహా. స్కాన్‌కు ముందే "ఏ ఫోల్డర్ అన్నిటికంటే పెద్దది?" అని ఇంట్లో అందరూ తలా ఒకటి కాగితం మీద రాయండి. తర్వాత బొమ్మతో పోల్చండి. ఆరో తరగతి వాళ్లయితే అతి పెద్ద గడి మొత్తంలో ఎంత శాతమో లెక్క కట్టగలరు. డిలీట్ బటన్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

మరో సందేహం కూడా అడుగుతుంటారు. 512 జీబీ అని కొంటే 476 మాత్రమే చూపిస్తోంది, షాపువాడు మోసం చేశాడా అని. లేదు. కంపెనీ జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి లెక్కిస్తుంది. తేడా అక్కడే.

అనవసరమైనవి తీసేశాక కూడా డ్రైవ్ ఎర్రగానే ఉంటే రీసైకిల్ బిన్ ఖాళీ చేశారో లేదో చూడండి. డిలీట్ చేసినవి అప్పటిదాకా అక్కడే చోటు పట్టుకుని ఉంటాయి. అదీ చేశాక, బొమ్మలో తీయదగ్గ గడి ఏదీ మిగలకపోతే అప్పుడు డ్రైవ్ నిజంగానే చిన్నదన్నమాట. షాపుకు వెళ్లి ఫార్మాట్ కాకుండా పెద్ద ఎస్ఎస్‌డీ వేయడానికి ఎంత అవుతుందో అడగండి.