కాఫీ చల్లారేలోగా... ఇద్దరికి సరిపడా మాటలాటలు

మీ ఇంట్లో సాయంత్రం కాఫీ వేళ ఎన్ని మాటలు నడుస్తాయో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. "పంచదార సరిపోయిందా?" "ఊఁ." "కరెంటు బిల్లు కట్టారా?" "ఊఁ." అంతేనా? చాలా ఇళ్ళలో అంతే మరి! పిల్లలు ఉన్నన్నాళ్ళూ వాళ్ళ చదువులూ, పరీక్షలూ, తగాదాలూ... ఇంటినిండా మాటలే. వాళ్ళు హైదరాబాదుకో, బెంగుళూరుకో, ఆ పైన అమెరికాకో వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది ఇద్దరు. ఆలుమగలు కావచ్చు, అత్తాకోడళ్ళు కావచ్చు. ఒకరి మీద ఒకరికి కోపమేమీ ఉండదు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, అంతే. ఈలోగా ఒకరి చేతిలో సెల్‌ఫోను, ఇంకొకరి ఎదురుగా టీవీ సీరియలు.

అలాంటి ఇళ్ళకి పైసా ఖర్చులేని చిట్కా ఒకటి ఉంది. గ్లాసు చేతపట్టుకుని ఆడే మాటలాటలు. గ్లాసు అనగానే పొరబడేరు! అందులో ఉండేది కాఫీ, అల్లం టీ, ఎండాకాలమైతే సబ్జా నిమ్మరసం. ఒక చెంచా సబ్జా గింజలు గ్లాసుడు నీళ్ళలో వేస్తే పది పదిహేను నిమిషాల్లో ఉబ్బుతాయి. ఆ పావుగంటే మన ఆటకి కొలత. పేకముక్కలు అక్కర్లేదు, గవ్వలు అక్కర్లేదు, కాగితం కలం కూడా అక్కర్లేదు.

పండితుల ఆటే, పెరట్లోకి తెచ్చుకుందాం

అష్టావధానం పేరు మీరు వినే ఉంటారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని తలా ఒక చిక్కు పెడుతుంటే, అవధానిగారు అన్నీ గుర్తుపెట్టుకుని అప్పటికప్పుడు పద్యాలు చెబుతారు. ఆ విద్యకి ఊరూరా పేరు తెచ్చిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు మన ఉండి దగ్గర యండగండిలో పుట్టినవారే. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారిది గోదావరి అవతల కడియం. ఇద్దరూ కలిసి రాసేవారు, ఏ పద్యం ఎవరిదో విడదీసి చెప్పేవారు కాదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా వెంకటశాస్త్రిగారు తాను రాసింది ఇద్దరి పేరు మీదే వేసేవారు. మాట కలవడం అంటే అదీ!

మనకి ఛందస్సు రాకపోయినా ఫరవాలేదు. ఆ అవధానంలోవే రెండు మూడు అంశాలు తీసి వంటింటి గుమ్మం దగ్గర ఆడుకోవచ్చు.

నిషిద్ధాక్షరి

అవధానంలో పృచ్ఛకుడు అడుగడుగునా "ఈ అక్షరం వాడకూడదు" అని అడ్డుపడుతుంటాడు. మనకంత కష్టం వద్దు. కాఫీ అయ్యేదాకా ఒకే ఒక్క అక్షరాన్ని నిషేధించండి. 'ల' అనుకుందాం. గుణింతాలూ, ఒత్తులూ అన్నీ నిషిద్ధమే. 'ళ' సంగతి ముందే తేల్చుకోండి, లేకపోతే అక్కడే పేచీ వస్తుంది.

ఇప్పుడు మాట్లాడండి చూద్దాం! ఏలూరు అనకూడదు. "తమ్మిలేరు పక్క ఊరు" అందామంటే అందులోనూ 'లే' ఉంది. "తివాచీ నేసే ఊరు" అంటే గట్టెక్కుతారు. కొల్లేరు అనాలంటే "ఉప్పుటేరు పుట్టే చోటు" అనాలి. తాడేపల్లిగూడానికి మాత్రం చిక్కే లేదు, మనవాళ్ళంతా ముద్దుగా గూడెం అనే అంటారుగా. పాలు కావాలంటే "ఆవు ఇచ్చేది". మరి అల్లం? "ఎండితే సొంఠి అయ్యేది"! ఈ మాట వెతుక్కునే కష్టంలోనే నవ్వంతా ఉంది. తప్పిపోయినవాళ్ళు కప్పులు కడగాలి.

దత్తపది

ఒకరు పొంతనలేని నాలుగు మాటలు ఇస్తారు. రెండోవారు వాటన్నిటినీ కలిపి ఒక్క వాక్యం చెప్పాలి. తివాచీ, ఉల్లిపాయ, పడవ, పెళ్ళిపత్రిక... ఇవి ఇచ్చారనుకోండి. ఇలా చెప్పొచ్చు: "పడవ దిగి వచ్చిన వియ్యంకుడు తివాచీ మీద కూర్చుని పెళ్ళిపత్రిక చదువుకుంటూ, లోపల ఉల్లిపాయ తరుగుతున్న వియ్యపురాలి కళ్ళనీళ్ళు చూసి ఆనందబాష్పాలనుకున్నాడట!"

అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఇంకో అంశం ఉంది. మధ్యమధ్యలో సంబంధంలేని కబుర్లతో అవధానిగారి ధ్యాస చెడగొట్టడం. దాన్ని మనం ప్రత్యేకంగా పెట్టుకోనక్కర్లేదు. కూరలబండి అబ్బాయి కేక, పక్కింటావిడ పిలుపు, కుక్కరు కూత... మన ఇళ్ళలో అది రోజూ ఉన్నదే!

పొడుపు కథలు, కొత్తవి

పాతవి అందరికీ వచ్చు కాబట్టి విప్పడంలో మజా ఉండదు. కంటికి కనిపించే వస్తువు మీద మీరే కొత్తది కట్టండి. కిటుకు చిన్నదే. ఆ వస్తువు చేసే పనే చేసే ఇంకోటి చెప్పి, "అది కాదు" అనాలి. "మూడు కూతలు కూస్తుంది, కోడి కాదు; ఆవిరి వదులుతుంది, రైలు కాదు." కుక్కరని మీకు తెలిసిపోయింది. ఇది చూడండి: "గడ్డం కింద సంచి ఉంది, బజారుకెళ్ళదు; చేపలన్నీ తెచ్చుకుంటుంది, డబ్బులివ్వదు." కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళినవాళ్ళు ఇట్టే చెప్పేస్తారు... గూడబాతు!

ఇరవై ప్రశ్నలు

ఇది పైదేశపు ఆట. 1946లో అమెరికా రేడియోలో దీంతో ఒక కార్యక్రమమే మొదలై బాగా నడిచింది. ఒకరు మనసులో ఒక వస్తువు తలుచుకుంటారు. రెండోవారు ఇరవై ప్రశ్నల్లో కనుక్కోవాలి. జవాబు "అవును", "కాదు" అంతే.

మొదట్లోనే "గరిటా? చెంచానా?" అని అడిగితే ఓడిపోతారు. "ప్రాణం ఉన్నదా?" "తినేదా?" "ఇంట్లో ఉండేదా?" అంటూ ప్రతి ప్రశ్నతో సగం జాబితా కొట్టేయాలి. అలా సగం సగం చేసుకుపోతే పది ప్రశ్నలతో 1,024 వస్తువుల్లో ఒకదాన్ని, ఇరవై ప్రశ్నలతో 10,48,576 వస్తువుల్లో ఒకదాన్ని పట్టుకోవచ్చు.

ఒకసారి నేను ఇంగువ తలుచుకున్నాను. మావారు "చెట్టు నుంచి వచ్చేదా?" అంటే అవునన్నాను. కాయ కాదు, ఆకు కాదు, గింజ కాదు. ఇరవై అయిపోయాయి! ఇంగువ అంటే మొక్క వేరు దగ్గర గాటు పెడితే కారే పాలు గట్టిపడ్డది. మనం ఎన్నో తరాలుగా పులిహోరలో వేస్తున్నా అది అఫ్ఘనిస్తాన్, ఇరాన్ వైపు నుంచి వచ్చేదే. మన దేశంలో సాగు ప్రయత్నం 2020లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. ఇదంతా చెబుతుంటే ఆయన కాఫీ తాగడం మానేసి విన్నారు.

ఈ ఆటల్లో నాకు నచ్చేది అదేనండీ. నేను ఇంటర్‌తో ఆపేశాను, ఆయన డిగ్రీ చదివారు. బ్యాంకు కాగితాలు, పొలం లెక్కలు వచ్చినప్పుడు మాట ఆయనదే. ఆటలో మాత్రం వంటింటి జ్ఞానానికీ అంతే విలువ. బడి గడప తొక్కని మా అత్తయ్యగారైతే పొడుపు కథల్లో మా ఇద్దర్నీ ఒకేసారి ఓడించేవారు. "నీకేం తెలుసు" అనే మాట ఆ పావుగంటసేపు ఇంట్లో వినపడదు.

ఊళ్ళ పేర్ల ఆట

ఏ ఊరి చివర ఏముందో చూసి ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోవాలి. 'గూడెం' అంటే తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం. 'పాడు' అంటే శృంగవరప్పాడు, చెట్టున్నపాడు. ఇక 'లంక' అన్నారా, కొల్లేటి చుట్టూ ఎన్ని కావాలంటే అన్ని: గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, కోమటిలంక, పెనుమాకలంక... నీళ్ళ మధ్య తేలిన మెట్టని లంక అంటారు కదా, అందుకన్నమాట.

ఈ ఆట ఎప్పుడూ పూర్తవదు. ఎందుకంటే మూడో ఊరి దగ్గరే "ఆ ఊళ్ళో మా మేనత్త ఉండేది" అని మొదలవుతుంది. పడవలో పెళ్ళికి వెళ్ళిన సంగతి, పెద్దింట్లమ్మ తీర్థం, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అంటూ చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు చుట్టాలు పడ్డ అవస్థ... ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన మాటలు బయటికొస్తాయి. అప్పుడు ఆట ఆపేసి వినండి. మనకి కావలసింది అదే కదా!

నాలుగు జాగ్రత్తలు

ఒకటి, ఆడే పావుగంటా సెల్‌ఫోను ఇంకో గదిలో ఉండాలి. గూగుల్ చూసి చెప్పే జవాబుకి లెక్క లేదు.

రెండు, పెద్దవాళ్ళు మాట మర్చిపోతే నవ్వకండి. మొదటి అక్షరం అందించండి. వినికిడి తగ్గినవాళ్ళయితే ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా చెప్పండి.

మూడు, గెలుపోటముల పట్టీ రాయకండి. కప్పులు కడగడాన్ని మించిన పందెం వద్దు.

నాలుగు, దత్తపదిలో ఆడపడుచు పేరు, పాత బాకీలు ఇరికించకండి. ఆట కాస్తా పంచాయితీ అవుతుంది!

ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టండి. ముందు తేలికైనదే, 'ల' నిషిద్ధం. "కాఫీ చల్లారిపోతోంది" అనబోయి నాలిక కరుచుకుంటారు, జాగ్రత్త! "వేడి తగ్గిపోతోంది, తాగండి" అంటే సరి.