యుద్ధకాలపు అధికారము - ప్రజల స్వేచ్ఛ



గోదావరికి వరద వచ్చి ఏటిగట్టుకు గండిపడినపుడు గడ్డివాము ఎవరిదని అడుగక తెచ్చి గండిలో వేయుదుము. ఆ వేళ గట్టు కాచువాని మాటయే శాసనము. అది న్యాయమే. కాని వరద తీసిన పిమ్మటను ఊరిలోని వాములన్నియు నావే యని అతడు కూర్చున్నచో మన మూరకుందుమా? యుద్ధకాలమున ప్రభుత్వము పొందు విశేషాధికారమును గూర్చి నేను చెప్పదలచిన దీ న్యాయమే.

1939 సెప్టెంబరు 3వ తేదీని వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు మన ప్రతినిధుల నడుగకయే భారతదేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. అక్టోబరులో మద్రాసునందు రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. 1946 వరకు గవర్నరే సలహాదారులతో పాలించెను. ప్రశ్నింపవలసిన శాసనసభ లేని కాలమున భారతరక్షణ చట్టమును, దాని నిబంధనలును అధికారుల చేతికి వచ్చినవి.

భయము కల్పితము కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపాను విమానములు మన కాకినాడ మీదను, విశాఖపట్టణము మీదను బాంబులు వేసినవి. రాత్రివేళ దీపము లార్పుడని ఆజ్ఞాపించినచో ఎవరు కాదందురు? అయితే ఆ నిబంధనలలో 26వది విచారణ లేకయే మనుష్యుని నిర్బంధించుట కధికార మిచ్చినది. నేరారోపణ లేదు, సాక్షి లేడు.

1943 ఏప్రిల్ 22వ తేదీని కేశవ తల్పాడేగారి వ్యాజ్యములో ఫెడరల్ కోర్టు ఈ నిబంధన చెల్లదని తీర్పు చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయ్యరుగారు. తగిన హేతువుతో అనుమానింపబడిన వానినే నిర్బంధింపవచ్చునని చట్టము; ప్రభుత్వమునకు తృప్తి కలిగిన చాలునని నిబంధన. హేతువును మరియొకరు పరీక్షింపవచ్చును. తృప్తిని పరీక్షించువా రెవరు? కాని వారము గడువకముందే వైస్రాయి ఆర్డినెన్సు చేసి, చట్టమునే మార్చి, జరిగిపోయిన నిర్బంధములను గూడ సక్రమము గావించెను. కంచెయే చేను మేసినది.

ఇక మన ధాన్యము సంగతి. 81వ నిబంధన క్రింద సరకుల ధరలు, రవాణా, నిలువలు ప్రభుత్వపు అదుపులోనికి వచ్చినవి. 1943 నాటి బెంగాలు క్షామము నెరిగినవారు ఈ అదుపు అనవసరమనలేరు. రక్షణ చట్టము 1946 సెప్టెంబరు 30వ తేదీతో ముగిసినది. మరునాటినుండియే సరకులపై నధికారము, తాత్కాలికమను పేరుతో, వేరొక ఆర్డినెన్సుగాను, పిదప చట్టముగాను నిలిచినది. 1955లో అది నిత్యావసర వస్తువుల చట్టమైనది, నేటికిని ఉన్నది. అది మేలో కీడో వేరు చర్చ. యుద్ధమునకై వచ్చిన అధికారము యుద్ధముతో పోలేదన్నదే నేను చూపదలచినది.

స్వరాజ్యము వచ్చినంతమాత్రమున ఈ చిక్కు తీరలేదు. 1975 జూన్ 25వ తేదీని దేశములోని అలజడిని కారణముగా చూపి అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. నిర్బంధితులు ఆ కాలమున విడుదల కోరి కోర్టు కెక్కజాలరని 1976 ఏప్రిల్ 28వ తేదీని సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో నలుగురు తీర్పు చెప్పిరి, హెచ్. ఆర్. ఖన్నాగా రొక్కరే కాదనిరి. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ చేత, అత్యవసర పరిస్థితిలో సైతము ప్రాణమునకును వ్యక్తిస్వేచ్ఛకును గల రక్షణను కోర్టులో కోరు హక్కును నిలుపుచేయరా దని స్థిరపడినది. అయినను ముందుజాగ్రత్త నిర్బంధము రాజ్యాంగములోని 22వ అధికరణమున నేటికి నున్నది. మూడు నెలలు మించవలెనన్నచో సలహామండలి యభిప్రాయము కావలెను.

కావున ఆపత్కాలమున అధికార మీయవద్దని నేననను. ఇచ్చునపుడే రెండు మాటలు అడిగి వ్రాయించుకొనవలెను: ఇది ఏనాటితో తీరును? దీనిని తప్పుగ వాడినచో విచారించువా రెవరు? ధాన్యపు చరిత్ర మొదటి ప్రశ్నను, తల్పాడేగారి వ్యాజ్యము రెండవదానిని మనకు నేర్పుచున్నవి. ఊరిలో పదిమంది మాట వినునట్టి పెద్దలు మీరు. ఈ ప్రశ్నలు వేయుట దేశద్రోహము కాదని మీ పిల్లలకు చెప్పుడు.